బల్లకు లేవని ఇద్దరు

ఇంటి నుంచి,
జూలై

బావా,

ఫోను చేయవద్దు. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను వింటాను, చివరికి అడగవలసింది అడగకుండానే పెట్టేస్తాను. అందుకే ఈ ఉత్తరం.

మీ చెల్లెలి సమాధి రాయి సంగతి. నల్లరాయి కొన్నాను. చెక్కే మనిషి పేరుకీ, పుట్టిన ఏడుకీ, పోయిన ఏడుకీ సుద్దతో గీతలు గీసుకున్నాడు. నవంబరుకి ఏడాది అవుతుంది. ఆలోగా నిలబెట్టాలి.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. నీకు తెలియకపోవచ్చు. ప్రభువు బల్ల పెట్టినప్పుడు యేసు జ్ఞాపకంగా పంచే రొట్టె తీసుకున్నవాళ్ళ రాయి మీద పేరు కింద "ఏర్పరచబడినవారిలో ఒకరు" అని చెక్కుతారు. తీసుకోనివాళ్ళకు పేరు, సంవత్సరాలు, అంతే. సమాధుల మధ్య నడుస్తుంటే రెండు రకాల రాళ్ళు కనిపిస్తాయి. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు నడిచాను.

మొన్న సంఘ పెద్ద ఇంటికి వచ్చారు. పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. అందరూ లెక్కల మాస్టారనే అంటారు. ఆ మాట మీ చెల్లెలి రాయి మీద కుదరదన్నారు.

"ప్రతి ఆదివారం వచ్చింది కదండీ" అన్నాను.

"వచ్చిందయ్యా, కాదన్నానా? వచ్చింది, కూర్చుంది. మూడు నెలలకోసారి బల్ల పెడతాం. తీసుకునేవాళ్ళు లేచి ముందుకొస్తారు. ఆమె ఎప్పుడన్నా లేచిందా? నువ్వే చెప్పు, పక్కనే ఉన్నావుగా."

లేవలేదు. నేను పక్కనే ఉన్నాను.

నువ్వు పాస్టరువి. మీ సంఘమూ మా సంఘమూ కాల్వినిస్టు సంఘాలే. ఎవరు రక్షించబడాలో లోకం పుట్టకముందే దేవుడు నిర్ణయించాడు, అది మారదు. నువ్వు చెప్పేదీ అదే, మాస్టారు చెప్పేదీ అదే. కాబట్టి నిన్ను అడుగుతున్నాను. మీ చెల్లెలు ఆ లెక్కలో ఉందా, లేదా? ఒక్క మాట రాస్తే చాలు.

నీ బావ


మందిరం మేడ గది నుంచి,
జూలై

గ్రాము బావా,

నీకు ఈ పేరు పెట్టింది నేనే, మరిచిపోయావా? హాస్టల్ గదిలో నలుగురికి ఒక్క పంచదార డబ్బా ఉంటే లాబ్ నుంచి కాటా తెచ్చి పంచినవాడివి. గ్రాము తేడా వస్తే రాత్రి నిద్రపోయేవాడివి కాదు. అలాంటివాడికి నా చెల్లెల్ని ఇచ్చామంటే మా ధైర్యం చూడు. చివరికి ఆ కాటాయే నీకు ఉద్యోగం అయింది. ఊళ్ళో తూకాలన్నీ సరిచూసి ముద్ర వేస్తావు. ఇప్పుడు చెల్లికి ముద్ర వెయ్యమని నన్ను అడుగుతున్నావు.

వెయ్యలేను బావా. ఆ ముద్ర నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు.

మా సంఘంలో అలాంటి పద్ధతి లేదు. దేవుడు తనవాళ్ళను ఏర్పరచుకున్నాడు అంటాం. ఫలానామె ఉంది, ఫలానాయన లేడు అని చెప్పడం మా బోధ కాదు. దానికి పట్టిన తుప్పు. రొట్టె తీసుకోవడం వల్ల ఎవరూ ఏర్పరచబడరు, తీసుకోకపోవడం వల్ల ఎవరూ కొట్టివేయబడరు. మనం చేసే పనిని బట్టే దేవుడు ఎంచుకుంటాడంటే ఇక ఆ బోధే అక్కర్లేదు. అలా కాదు అని చెప్పడానికే అది ఉంది.

మీ మాస్టారు చెడ్డమనిషై ఉండరు. కంటికి కనిపించే గుర్తు ఏదో ఒకటి కావాలని అందరికీ ఉంటుంది. రొట్టె చేతికి దగ్గరగా కనిపించి ఉంటుంది.

ఒక్కటి మాత్రం చెప్పగలను. చెల్లికి ఈ విషయంలో భయం లేదు. అది నాకు తెలుసు.

పైకప్పు కారుతోంది. ఈ కాగితం మీది మరకలు వాన నీళ్ళే, చాలావరకు. మీ అక్కయ్య కింద నుంచి మూడోసారి అన్నానికి పిలుస్తోంది. నువ్వు వేళకు తింటున్నావా అని అడగమంది. అబద్ధం రాయవద్దని కూడా చెప్పమంది.

నీ బావ


ఆఫీసు నుంచి,
ఆగస్టు

బావా,

తింటున్నాను. వేళకు కాదు.

నీకు తెలుసు అని రాశావు. ఎలా తెలుసు?

నువ్వు చెప్పినదాన్ని నేను ఎలా అర్థం చేసుకున్నానో రాస్తాను. తప్పయితే దిద్దు. అంతా ముందే తేలిపోయింది. కాబట్టి మనం చేసేదానికి విలువ లేదు. జబ్బు బయటపడ్డాక నేను ప్రార్థన చేయలేదు. ఈ మాట ఇప్పటిదాకా నీకు చెప్పలేదు. సంఘం వాళ్ళు వచ్చి మంచం చుట్టూ నిలబడి చేసేవాళ్ళు. నేను కిటికీ దగ్గర మందు సీసాలు సర్దుతూ ఉండేవాణ్ణి. తేలిపోయిన తూకం దగ్గర ప్రార్థన చేయడమంటే తక్కెడ మీద బొటనవేలు పెట్టడమే. బజార్లో ఆ వేలు పట్టుకోవడమే నా ఉద్యోగం.

నిన్న బజారుకి వెళ్ళాను. ఉల్లిపాయలమ్మే ఆమె కాటా సరిచూసి ముద్ర వేశాను. "నా కాటా మంచిదన్నారు, బాగానే ఉంది సార్. ఆ చేత్తోనే నా మీద కూడా ఒకటి కొట్టండి. మా ఆయన నమ్మి చావడం లేదు" అంది. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి ఎవరికి చెప్పాలో తెలియలేదు. నీకు రాస్తున్నాను.

నేను కూడా ఎప్పుడూ బల్లకు లేవలేదు. నాది వేరు సంగతి. లోపల ఏ పిలుపూ నాకు వినిపించలేదు. వినిపించని పిలుపుకు లేచి వెళ్ళడం దొంగముద్ర వేయడంతో సమానం. తనకూ వినిపించలేదేమో, ఇద్దరం ఒకటేనేమో అనుకున్నాను. దాని గురించి మేం మాట్లాడుకోలేదు. బల్ల పెట్టిన ఆదివారాల్లో అందరూ ముందుకు వెళ్ళిపోయేవాళ్ళు. వెనక వరసలో మేమిద్దరమే మిగిలేవాళ్ళం. ఇంటికి వచ్చే దారిలో కూరగాయలు కొనుక్కునేవాళ్ళం.

అప్పుడు ఇబ్బందిగా అనిపించలేదు. ఇప్పుడు వేరు. దేవుడు పిలవని మనిషి పక్కన మరో పిలవని మనిషి కూర్చుందని రాయి మీద పెట్టబోతున్నారు. నా గురించి ఏం రాసినా సరే. తన గురించి అలా రాస్తే భరించలేను.

ఎలా తెలుసు?

నీ బావ


మందిరం మేడ గది నుంచి,
ఆగస్టు ఆఖరు

బావా,

దిద్దమన్నావు కాబట్టి దిద్దుతున్నాను. తర్వాత కోపం తెచ్చుకోకు.

ఇన్నేళ్ళూ వెనక వరసలో కూర్చుని నువ్వు విన్నది మా బోధ కాదు, తలరాత. దానికి మా చొక్కా తొడిగావు. తలరాత దగ్గర అడగడానికి ఎవరూ ఉండరు. మేం చెప్పే దేవుడు వింటాడు. చివరికి ఏం జరగాలో నిర్ణయించినవాడు, అక్కడికి వెళ్ళే దారి కూడా నిర్ణయించాడు. మందు ఆ దారిలోదే. డాక్టరు ఆ దారిలోవాడే. ప్రార్థన కూడా అంతే. అంతా తేలిపోయిందని మందు మానలేదు కదా నువ్వు? వేళ తప్పకుండా ఇచ్చావట, చెల్లి చెప్పింది. మరి ప్రార్థన ఒక్కటే ఎందుకు మానావు?

సీసాలు సర్దడమే నీ ప్రార్థన అని తియ్యగా చెప్పవచ్చు. చెప్పను. అది సీసాలు సర్దడమే. కానీ బొటనవేలి మాట తప్పు. తక్కెడ మీద వేలు పెట్టేవాడు అవతలివాడికి తెలియకుండా పెడతాడు. ప్రార్థన చేసేవాడు అవతలివాణ్ణే అడుగుతాడు. ఈ రెండూ ఒకటెలా అవుతాయి?

ఇక పిలుపు. లోపల చెవి పెట్టి వినమని నీకెవరు చెప్పారు? నేను ఏర్పరచబడ్డానా లేదా అని ముందు తేల్చుకుని, ఆ తర్వాత రావాలని మా బోధలో ఎక్కడా లేదు. పిలుపు నీ లోపల లేదు బావా. బయటే ఉంది. ప్రతి బల్లకీ పాస్టరు నోరారా అందరికీ వినిపించేలా రమ్మంటాడే, అదే పిలుపు. రావాలని ఉన్నవాడు రావడమే. వచ్చాక నీ పేరు లేదు పొమ్మని తిప్పి పంపినట్టు నేను ఒక్కడి గురించి కూడా వినలేదు. గుమ్మంలో నిలబడి లోపలివాళ్ళలో నా పేరుందా అని అడిగేవాడికి నేనేం చెప్తాను? తలుపు తొయ్యమంటాను.

నీ మీద కోపంగా ఉంది. కోపంలో బాగా రాస్తానని మీ అక్కయ్య అంటుంది. ప్రసంగాలు కూడా ఎవరిమీదన్నా కోపం తెచ్చుకుని రాసుకోవచ్చుగా అంటుంది.

ఎలా తెలుసని అడక్కు. చెల్లికి మాటిచ్చాను.

నీ బావ


ఇంటి నుంచి,
సెప్టెంబరు

బావా,

పాఠం చదివాను. రెండుసార్లు చదివాను. మందు మాట ఒప్పుకుంటున్నాను.

మాస్టారు మళ్ళీ వచ్చారు. ఒక దారి ఉందన్నారు. ఆమె విశ్వాసం గురించి తెలిసిన పాస్టరు ఎవరైనా సాక్ష్యంగా రాసి ఇస్తే పెద్దలు కూర్చుని ఆలోచిస్తారట. "మీ బావ పాస్టరేగా, ఆయన రాస్తే ఎవరు కాదంటారు" అన్నారు. చెక్కే మనిషి కూడా అడుగుతున్నాడు. పేరు చెక్కేశాడు. కింద జాగా వదలాలా వద్దా అంటాడు.

మాటిచ్చానన్నావు. నువ్వు మాటిచ్చిన మనిషి లేదు. అడుగుతున్న మనిషి ఉన్నాడు. ఇంట్లో తన చీరలు మడత విప్పకుండా అలాగే ఉన్నాయి. పక్కింటామె వచ్చి ఎవరికైనా ఇచ్చెయ్యండి అంటోంది. ఇవ్వలేదు. నాకు తెలియకుండా తనలో ఏముందో నీకు తెలుసట. పాతికేళ్ళు పక్కన ఉన్నది నేను.

రాయి.

నీ బావ


మందిరం మేడ గది నుంచి,
అక్టోబరు

బావా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాను. మీ అక్కయ్యను అడిగాను. "పోయినవాళ్ళకిచ్చిన మాట కోసం ఉన్నవాణ్ణి చంపుకుంటావా" అంది. రాస్తున్నాను.

మీ అక్కయ్యకి ఆపరేషన్ అయినప్పుడు చెల్లి వచ్చి మా ఇంట్లో ఉంది కదా. ఒకరోజు వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను పక్కన కూర్చుని సాయం చేస్తున్నానని అనుకుంటున్నాను. "నువ్వెందుకే బల్లకు లేవవు? పాస్టరు చెల్లెలివి. నా పరువు తీస్తున్నావు" అన్నాను.

"నీ పరువు నేను తియ్యాలా అన్నయ్యా? నీ ప్రసంగాలు చాలవూ?" అంది.

"సరదాకి కాదే, చెప్పు."

కాయ ఒలవడం ఆపలేదు. "ఆయన లేవరు అన్నయ్యా. తనకి పిలుపు రాలేదనుకుంటారు. పైకి అనరు, నాకు తెలుసు. నేను లేచి వెళ్ళాననుకో, వెనక వరసలో ఒక్కరే మిగులుతారు. దీన్ని పిలిచాడు, నన్ను వదిలేశాడు అని లెక్క తేల్చేసుకుంటారు. మీ బావకి లెక్క ఒకసారి తేలిందంటే మళ్ళీ విప్పరు."

అది సరికాదన్నాను. ఆయన సందేహం కోసం నువ్వు మానడం తప్పు అన్నాను. పాస్టరు చెప్పవలసినవన్నీ చెప్పాను.

"తప్పేనేమో" అంది. కాసేపటికి మళ్ళీ అంది: "దేవుణ్ణి మనం పట్టుకోవడం కాదు, ఆయనే మనల్ని పట్టుకుంటాడని చెప్తావుగా. అంతలా పట్టుకున్నవాడు, నేను మా ఆయన పక్కన కూర్చున్నానని వదిలేస్తాడా?"

నేను ఒక చిక్కుడుకాయ తీసి ఒలిచాను.

"మరి ఆకలి వెయ్యదా?" అన్నాను చివరికి.

"ఎందుకు వెయ్యదు? అప్పుడే కాల్చిన రొట్టె తెచ్చి పెడతారు. వెనక దాకా వాసన వస్తుంది. ఎప్పటికైనా ఇద్దరం కలిసి వెళ్తాంలే" అంది.

ఈ మాట నీతో అనవద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. "చెప్తే నాకోసం లేస్తారు. నాకోసం లేస్తే అది లేవడం కాదు" అంది.

చెప్పేశాను. దానికిచ్చిన మాట తప్పాను. నీ మీద బరువు పెట్టాలని కాదు బావా. కూర్చోవాలని అదే అనుకుంది. నువ్వు కూర్చోబెట్టలేదు. తను చేసింది సరైనదని ఇప్పటికీ అనను. కానీ దానికంత నమ్మకం ఎక్కడిదని ఆరోజు ఈర్ష్యపడ్డాను.

సాక్ష్యం వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఇస్తావో చింపేస్తావో నీ ఇష్టం.

నీ బావ


మందిరం మేడ గది నుంచి,
నవంబరు

బావా,

ఉత్తరం అందిందా? ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఏడాది ప్రార్థనకు మేం వస్తామంటే వద్దని ఆ ఒక్క ముక్క కార్డు మీద రాసి పంపావు. మీ అక్కయ్య నన్ను తిడుతోంది, రాయమన్నదీ తనే. బాగున్నాను అని రెండు పదాలు రాయి చాలు. అబద్ధమైనా సరే.

నీ బావ


ఇంటి నుంచి,
డిసెంబరు

బావా,

అందింది. రాయడానికి చేతకాలేదు.

ముందు రాయి సంగతి. పెద్దలు మందిరం వెనక గదిలో కూర్చున్నారు. నీ సాక్ష్యం జేబులో పెట్టుకుని వెళ్ళాను.

"కాగితం తెచ్చావా?" అన్నారు మాస్టారు.

"తెచ్చానండీ. కానీ ఇవ్వను."

"అదేమిటయ్యా? ఇవ్వకపోతే ఆ మాట ఎలా చెక్కిస్తాం? అంటే ఆమె ఏర్పరచబడలేదని నువ్వే ఒప్పుకుంటున్నావా?"

"లేదండీ. ఊళ్ళో కాటాలు సరిచూడటానికి నా దగ్గర ఇత్తడి తూకపురాళ్ళు ఉన్నాయి. వాటిని సరిచూసే రాళ్ళు పై ఆఫీసులో ఉన్నాయి. మనుషుల్ని సరిచూడటానికి మీరు ఏది వాడుతున్నారు?"

"రొట్టె" అన్నారు.

"అది తినడానికి కదండీ ఇచ్చింది" అన్నాను.

నేను మాస్టారి మీద గెలిచాననుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

"మా ఆవిడ రాయి మీద ఆ మాట ఉంది బాబూ" అన్నారు. "సాయంత్రం పూట వెళ్ళి అది చదువుకుని వస్తాను. చదవకపోతే ఆ రోజు అన్నం సయించదు. దాన్ని చెరిపెయ్యమంటావా ఇప్పుడు?"

నీ ఉత్తరాల్లోని మాటలన్నీ నాకు గుర్తున్నాయి. అవి సరైనవే. వాటిలో ఒక్కటి కూడా ఆయనతో అనలేకపోయాను. "వద్దండీ. నాకు మాత్రం వద్దు" అన్నాను. బయటకు వచ్చేటప్పుడు ఆయన గుమ్మం దాకా వచ్చారు.

పేరు, సంవత్సరాలు. అంతే చెక్కారు. నిలబెట్టాం. కింద జాగా ఖాళీగానే వదిలెయ్యమంటారా అని చెక్కినాయన అడిగాడు. ఉండనీ అన్నాను. అది చూస్తే నాకు భయం వెయ్యలేదు. ఈ మాట నీకు రాయాలనే చాలా రోజుల నుంచి చూస్తున్నాను.

పోయిన ఆదివారం బల్ల పెట్టారు. వెళ్ళాను. పాస్టరు రమ్మన్నాడు. నువ్వు రాసినట్టే, అందరికీ వినిపించేలా. ఇన్నేళ్ళూ ఆ మాట వింటూనే ఉన్నాను. ముందువాళ్ళకు చెప్తున్నాడనుకున్నాను. అందరూ లేచారు. వెనక వరసలో నేనొక్కణ్ణే మిగిలాను. తను ఇన్నేళ్ళు జరగకుండా ఆపింది అది.

లేవబోయాను. అప్పుడే తను నీతో అన్న మాట అడ్డం వచ్చింది. నాకోసం లేస్తే అది లేవడం కాదు. ఇది తన కోసమా, నా కోసమా అని చూసుకున్నాను. తేలలేదు. దాన్ని సరిచూసే రాయి కూడా నా దగ్గర లేదు. చూసుకుంటూ ఉండగానే బల్ల అయిపోయింది.

ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని నాకు తెలియడం లేదని చెప్పాను. నీకు కాదు. పైకే చెప్పాను, గొంతు వినిపించేలా. చెప్పి ఊరుకున్నాను. ఏమీ జరగలేదు. రాత్రి అన్నం వండుకుని తిన్నాను.

ఆలోచిస్తే ఒకటి కనిపించింది. వెళ్ళాలని ఉంది. ఎవరి కోసమన్నది తేలలేదు కానీ, ఉండటం మాత్రం ఉంది. తలుపు తొయ్యడానికి అది చాలునా? పాస్టరుగా చెప్పు, బావగా కాదు.

మళ్ళీ బల్ల మార్చిలో. ఆ ఆదివారం మీ సంఘాన్ని ఎవరికైనా అప్పగించి, నువ్వూ అక్కయ్యా ఇక్కడికి రండి. నా పక్కన కూర్చోండి. నేను లేస్తానని మాట ఇవ్వను. పాస్టరు రమ్మన్నప్పుడు మీరు మాత్రం లేవండి. నేను కదలకపోయినా వెళ్ళండి. వెనక్కి తిరిగి చూడకండి. నా కోసం ఇంకెవరూ కూర్చోవద్దు.

నీ బావ